లక్షలు కొన్న చేత్తో నాలుగు చిప్‌లు

2021 మార్చి 9, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లోని మా ఆఫీసులో సునీత నా బల్ల దగ్గరికి వచ్చి నాలుగు చిప్‌లు కావాలని అడిగింది. అప్పటికి నేను కొనుగోళ్ళ విభాగంలో ఇరవై మూడు సంవత్సరాలు పూర్తి చేశాను. చిప్‌లు కొనడం అంటే ఏమిటో నేర్చుకోవడం మాత్రం ఆ నిమిషంలోనే మొదలైంది.

ఈ వృత్తిలోకి కొత్తగా అడుగుపెడుతున్న యువతీయువకులు కొందరు, అనుభవాలు రాయమని నన్ను కోరుతున్నారు. నా ప్రమోషన్ల గురించి రాయను. అవి ఎందుకు వచ్చాయో నాకే తెలియదు కనుక, ఎలా తెచ్చుకోవాలో ఇతరులకు బోధించడం న్యాయం కాదు. ఇద్దరు పై అధికారులు, ఒక తప్పు, ఒక అబద్ధం, వీటి గురించి రాస్తాను. మిగిలినదంతా ఈమెయిళ్ళు.

లక్ష కొనడం సులభం

మా కంపెనీ కారు తలుపుల్లో అద్దాలను పైకీ కిందికీ నడిపించే కంట్రోల్ పెట్టెలు తయారుచేసేది. ఒక్కొక్క పెట్టెలో పాతిక ముప్ఫై చిప్‌లు ఉండేవి. వాటిని కొనడం నా పని. చిప్‌లు సినిమా రీళ్ళలాంటి చుట్టల్లో వస్తాయి. ఒక్కో రీలులో రెండు వేల అయిదు వందలు. నేను రీలుకు తక్కువ ఎన్నడూ ఆలోచించలేదు. ఆలోచించవలసిన అవసరమూ రాలేదు, ఎందుకంటే లక్షల్లో కొనేవాడికి ప్రపంచం చాలా మర్యాద చేస్తుంది. అమ్మేవాళ్ళే ఫోన్ చేస్తారు, అమ్మేవాళ్ళే భోజనం పెట్టిస్తారు, శాకాహారి అని తెలిస్తే సలాడ్‌లో రెండు రకాలు తెప్పిస్తారు.

నా మొదటి పై అధికారి పేరు డాన్. ఉద్యోగంలో చేరిన వారంలోనే ఆయన నాకు ఫోర్‌కాస్ట్ అనే విద్య నేర్పాడు. ఫోర్‌కాస్ట్ అంటే, రాబోయే సంవత్సరంలో మనకు ఎన్ని చిప్‌లు కావాలో అమ్మేవాళ్ళకు ముందుగా చెప్పే అంకె. దాన్ని బట్టే వాళ్ళు మన కోసం సరుకు పక్కన పెడతారు.

"నీకు నాలుగు లక్షలు కావాలనుకో. పది అని చెప్పు. వాళ్ళు మూడు ఇస్తామంటారు. ఇద్దరూ నష్టపోయినట్టు మొహం పెట్టి అయిదు దగ్గర ఆగండి" అన్నాడు.

"అంకె నిజం కానక్కరలేదా?" అని అడిగాను.

"నిజం కావాలంటే ఏడాది ఆగి చూడు, అప్పుడు తెలుస్తుంది" అన్నాడు డాన్.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. మా నాన్నగారు రైసుమిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసేవారు, వేలిముద్ర వేసేవారు. స్కాలర్‌షిప్ ఫారం నింపేటప్పుడు మా హెడ్మాస్టరు గారు నా పక్కన నిలబడి, ఖాళీ వదలకూడదని, అబద్ధం రాయకూడదని, కొట్టివేతలు ఉండకూడదని చెప్పారు. ఆ చదువు, ఆ తరువాత ఈ దేశం, అన్నీ ఫారాలు సరిగ్గా నింపడం వల్లనే వచ్చాయని నేను మనస్ఫూర్తిగా నమ్మాను. అందువల్ల ఏ ఫారంలోనూ ఒక్క అబద్ధం రాయలేదు. ఫోర్‌కాస్ట్ ఎక్సెల్‌లో పెట్టేవాళ్ళం. ఎక్సెల్ ఫారం కాదు కనుక, ఇరవై మూడు సంవత్సరాలు నేను నిర్మలమైన మనస్సుతో నిద్రపోయాను.

నాలుగు

సునీత వరంగల్ అమ్మాయి. మా టెస్టింగ్ విభాగంలో ఇంజనీరు. ఆ విభాగంలో ఉన్నదే ఇద్దరు: ఆమె, ఒక పెద్ద వయస్సు టెక్నీషియన్. ఇద్దరూ కలిసి నడిపేది ఒక టెస్టర్. తయారైన ప్రతి పెట్టెనూ అది పరీక్షించి పచ్చ లైటో ఎర్ర లైటో వెలిగిస్తుంది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ సోమవారం కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చింది. ఆ ఒక్క క్షణంలో టెస్టర్‌లోని ఒక కార్డు మీద నాలుగు చిప్‌లు కాలిపోయాయి.

"అంకుల్, నాలుగు చిప్‌లు కావాలె" అన్నది మాస్కు సర్దుకుంటూ.

"నాలుగు రీళ్ళా?"

"రీళ్ళు కాదు. నాలుగు." కాలిన చిప్ ఒకటి నా బల్ల మీద పెట్టింది. ఇరవై ఎనిమిది కాళ్ళతో, వెల్లకిలా పడిన జెర్రిలా ఉంది.

"ఎప్పటికి?"

"వచ్చే శుక్రవారం మీటింగ్ ఉంది కదా. అప్పటికి టెస్టర్ నడవకుంటే లైన్ మెక్సికో పంపుతమని గ్రెగ్ చెప్పిండు. లైన్ పోతే టెస్టింగ్ గ్రూప్ కూడ బంద్."

గ్రెగ్ అప్పటి నా పై అధికారి. పెట్టెలు తయారయ్యే ఆ లైన్ కూడా ఆయన కిందే ఉండేది. లైన్ పోవడం అంటే ఏమిటో సునీత వివరించలేదు, నాకు వివరించనక్కరలేదు. టెక్నీషియన్‌కు పెన్షన్ ఉంది, సరస్సు ఒడ్డున పడవ ఉంది. సునీతకు హెచ్-1బి వీసా ఉంది. ఆరేళ్ళ వీసాలో ఆరో ఏడు నడుస్తోంది. గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసిన మొదటి దరఖాస్తు ఇంకా ఎవరి బల్ల మీదనో ఉంది. ఉద్యోగం పోతే ఆ దరఖాస్తు కూడా పోతుంది, అరవై రోజుల్లో ఆమె సామాను సర్దుకోవాలి.

"నాలుగే కదమ్మా. సాయంత్రానికి చెబుతాను" అన్నాను. పది లక్షలు కొన్నవాడి ధీమా అది.

మా కొనుగోళ్ళ సాఫ్ట్‌వేర్‌లో నాలుగు అని కొట్టాను. అది మర్యాదగా నాలుగును రెండు వేల అయిదు వందలుగా సవరించి, యాభై రెండు వారాల్లో వస్తాయని చెప్పింది. అది చిప్‌ల కరువు కాలం. మాకు అనుమతి ఉన్న డిస్ట్రిబ్యూటర్ల దగ్గర నిల్వ సున్నా. అభిరుచి కొద్దీ సర్క్యూట్లు కట్టుకునేవాళ్ళకు ఒకటీ రెండూ అమ్మే చిన్న దుకాణాల్లోనూ సున్నా. నిత్యం నాకు ఫోన్ చేసే అమ్మకందారులకు నేనే ఫోన్ చేశాను. నాలుగు అనగానే ఒకాయన, "వెంకట్, లైన్ సరిగ్గా లేదు, నాలుగు ఏమిటి? లక్షలా?" అన్నాడు. కాదన్నాను. ఆయన చాలా సేపు నవ్వి, మా కుటుంబ క్షేమం అడిగి పెట్టేశాడు.

గ్రెగ్ దగ్గరికి వెళ్ళాను. "నాలుగు చిప్‌ల కోసం నీ గంటకు ఎంత ఖర్చవుతోందో లెక్కవేశావా? మనది హాబీ క్లబ్ కాదు" అన్నాడు. ఆయన చెప్పినది అక్షరాలా నిజం. హాబీ క్లబ్ అయి ఉంటే ఆ పాటికి దొరికేవి.

మూడుసార్లు నిజం

ఆ చిప్ తయారుచేసే కంపెనీయే, తన వెబ్‌సైట్ ద్వారా ఇంజనీర్లకు నాలుగేసి నమూనాలు ఉచితంగా పంపుతుంది. శాంపిల్ అంటారు. సునీతే కనిపెట్టి చెప్పింది. నాకు ప్రాణం లేచివచ్చింది, ఎందుకంటే అక్కడ ఒక ఫారం ఉంది. ఫారాల్లో నన్ను మించినవాడు లేడు.

సంవత్సరానికి ఎన్ని చిప్‌లు అవసరం అన్న గడిలో నాలుగు అని రాశాను. ఉత్పత్తి ఎప్పుడు మొదలు అన్న గడిలో, ఈ యంత్రం చాలాకాలంగా ఉన్నదే అని రాశాను. నాలుగు నిమిషాల్లో తిరస్కారం వచ్చింది.

మరుసటి రోజు మళ్ళీ రాశాను. సంవత్సరానికి నాలుగు అన్నది కచ్చితం కాదని తోచి, సంవత్సరానికి సున్నా, ఒక్కసారికి మాత్రం నాలుగు అని సవరించాను. ఈసారి రెండు నిమిషాలు పట్టింది.

మూడోసారి, రిమార్కుల గడిలో రెండు పేరాల ఉత్తరం రాశాను. టెస్టర్ చరిత్ర, కరెంటు పోయిన సమయం, ఒక యువ ఇంజనీరు భవిష్యత్తు, అన్నీ విన్నవించి, దయతో పరిశీలించగలరని ముగించాను. నూతన ఆవిష్కర్తలంటే తమకు ఎంతో గౌరవమనీ, నా ప్రాజెక్టు తమ ప్రమాణాలకు సరిపోలేదనీ జవాబు వచ్చింది.

"ఎంత రాసిన్రు అంకుల్?" అని అడిగింది సునీత.

"నాలుగు."

"ఏడాదికా?"

"నిజం అదే కదమ్మా."

పోలీసు అడగకముందే తన స్పీడు ఎంతో చెప్పేసిన డ్రైవరును చూసినట్టు ఆమె నన్ను చూసింది.

బంగారు అంచు కాగితం

ఇక నా తప్పు. దీన్ని దాచకుండా రాయడం అవసరం.

ఎవరు ఏది పెట్టినా అమ్ముడుపోయే ఒక ఆన్‌లైన్ సంతలో, అవే చిప్‌లు పది కలిపి పంతొమ్మిది డాలర్లకు కనిపించాయి. కరువు కాలంలో, ఎవరి దగ్గరా లేనివి, అంత చవకగా ఎలా ఉన్నాయన్న ప్రశ్న నాకు రావలసింది. రాలేదు. దానికి కారణం, వాటితోపాటు నాణ్యతా ధ్రువపత్రం ఇస్తామని రాసి ఉండడం. నా సొంత కార్డుతో కొన్నాను. సోమవారానికి వచ్చాయి. ధ్రువపత్రానికి బంగారు రంగు అంచు, గుండ్రటి ముద్ర, రెండు సంతకాలు ఉన్నాయి. చిప్‌లను ఒక్కసారి చూశాను. కాగితాన్ని రెండుసార్లు చదివి ఫైలులో పెట్టాను.

సునీత బిగించింది. టెస్టర్ లేచింది. మంగళవారం మధ్యాహ్నానికి లైన్ మీద వచ్చిన ప్రతి పెట్టెకూ పచ్చ లైటు వెలిగింది. ఒక్కటీ ఫెయిల్ కాలేదు. గ్రెగ్ అందరికీ ఈమెయిల్ పెట్టాడు. ఈ లైన్ చరిత్రలోనే ఇంత మంచి రోజు లేదని, దీనికి కారణమైన జట్టుకు అభినందనలని.

సునీత మాత్రం అభినందనలు చదవకుండా, మూలన ఉన్న ఎర్ర డబ్బా తెచ్చింది. చెడిపోయాయని ముందే తెలిసిన పెట్టెలు అందులో ఉంటాయి. ఒకటి పెట్టింది. పచ్చ లైటు. మోటారు తీగ తెగినది పెట్టింది. పచ్చ లైటు. చివరికి ఏమీ పెట్టకుండా, ఉత్త గాలిని పరీక్షించింది. గాలి కూడా పాసయింది.

"అంకుల్, మీ చిప్‌లకు లోకంల అందరూ మంచోళ్ళే" అన్నది.

ఆ రోజు పాసైన పెట్టెలన్నింటినీ లారీ ఎక్కకముందే వెనక్కి తెచ్చి పక్కన పెట్టించాము. గ్రెగ్ ఈమెయిల్ పెట్టలేదు. శుక్రవారానికి మిగిలినవి మూడు రోజులు. అంతవరకు అది కరెంటు చేసిన నష్టం. ఇప్పుడు అందులో నా వాటా కూడా ఉంది.

చిప్ కొనేవాడు ముందు చిప్‌ను చూడాలి, ఆ తరువాతే కాగితాన్ని. ఈ ఒక్క వాక్యం నేర్చుకోవడానికి నాకు ఇరవై మూడు సంవత్సరాలూ పంతొమ్మిది డాలర్లూ పట్టాయి.

ఇడ్లీ రేకులు

మా దగ్గరి ఊరు నోవైలో ప్రభాకర్ గారని ఒక మిత్రుడున్నారు. గుంటూరు వారు. బీమా కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, గ్యారేజీలో ఎలక్ట్రానిక్స్. ఆయన కారు ఏనాడూ గ్యారేజీ లోపలికి వెళ్ళలేదు. తన పెరటి కొత్తిమీరకు నీళ్ళు కావాలో వద్దో ఫోన్‌కు చెప్పే పరికరం చేసుకున్నారు. ఆ కొత్తిమీర కట్ట ఒక్కొక్కటీ ఎంత పడుతుందో ఆయన శ్రీమతి అందరికీ చెబుతుంటారు. ఆ మంగళవారం ఆఫీసు వదలగానే సునీతను తీసుకుని ఆయన ఇంటికి వెళ్ళాను.

ఆయన నా చిప్‌ను కళ్ళద్దాలు పైకెత్తి చూశారు. శ్రీమతి గారి గోళ్ళ రంగు తుడిచే ద్రవం సీసా తెచ్చి, దూదిని తడిపి చిప్ వీపు మీద రుద్దారు. దూది నల్లబడింది. పైనున్న పేరు చెరిగిపోయి, కింద మరో పేరు తేలింది.

"ఇది మాట్లాడే బొమ్మల్లో పెడతారండీ. మీ టెస్టర్ 'ఐ లవ్ యూ' అని గానీ అనలేదు కదా?"

"అందరినీ పాస్ చేసింది సార్, అదీ ప్రేమే కదా" అన్నది సునీత.

ఆ గ్యారేజీలో ఒక గంటలో నేను నేర్చుకున్నంత, మా కంపెనీ పంపిన ఏ శిక్షణలోనూ నేర్చుకోలేదు. ప్రభాకర్ గారితో కలిపి ఆరుగురు తెలుగువాళ్ళు నెలకొకసారి ఒకే ఆర్డరు వేస్తారు. విడిగా కొంటే తొంభై సెంట్ల చిప్‌కు ఎనిమిది డాలర్ల పోస్టేజీ అవుతుంది. ఆ ఎనిమిది డాలర్లు తప్పించుకోవడానికి అరవై డాలర్ల అక్కరలేని సరుకు బుట్టలో వేసుకోవడం ఈ అభిరుచి గలవారి ప్రథమ జబ్బు అని ఆయన చెప్పారు. ఆర్డరు వచ్చాక పంచుకునేది ఇడ్లీ రేకుల్లో. ఒక్కో గుంట ఒక్కొక్కరిది. స్టీలు కనుక, ఒక తీగతో భూమికి కలిపితే చిప్‌లకు స్టాటిక్ కరెంటు దెబ్బ తగలదు. సీసం అంటిన ఆ రేకులు మళ్ళీ వంటింటి గడప తొక్కకూడదని ఇంటావిడ శాసనం.

"చవకగా దొరికిందంటే ముందు సైజు చూడాలండీ. మావాడొకడు సగం ధరకని కొన్నాడు. తీరా చూస్తే ఆవగింజంత. విప్పాడు, తుమ్మాడు, అంతే. పాత బోర్డుల మీంచి పీక్కోవడం నేర్చుకోవాలి. కొత్త చోట ఒకటి కొని దూది పెట్టి చూసుకున్నాకే రెండోది కొనాలి. మీలాంటి పెద్ద కొనుగోలుదార్లకు ఇవన్నీ చెప్పడం బాగుండదనుకోండి."

శాంపిల్ ఫారం సంగతి చెప్పాను. ఆయన నా మూడు దరఖాస్తులనూ ఫోన్‌లో చదివారు. మూడో దానిలోని ఉత్తరం దగ్గర మాత్రం మర్యాద కోసం మొహం అటు తిప్పుకున్నారు.

"వెంకటేశ్వర్లు గారూ, ఏడాదికి ఎన్ని అని ఉన్న గడి ఉంది చూశారూ, అది తలుపు గొళ్ళెమండీ. నా కొత్తిమీర మడికి ఏటా పదివేల సెన్సర్లని రాశాను. ఇప్పటికీ వాళ్ళు నాకు కొత్త సంవత్సరం క్యాలెండర్ పంపుతారు. సీఈఓ గారికి అని."

"నేను ఫారంలో అబద్ధం రాయలేనండీ."

సునీత ఇడ్లీ రేకు తీగను వేలికి చుట్టుకుంటూ అడిగింది: "మొన్న పవర్ చిప్‌కి ఫోర్‌కాస్ట్ ఎంత ఇచ్చిన్రు అంకుల్?"

"పన్నెండు లక్షలు."

"కొనేది?"

"అయిదు."

"ఎందరికి ఇచ్చిన్రు?"

"ముగ్గురికి."

"లక్షలల్ల చెప్తే ఫోర్‌కాస్టు, నాలుగింటికి చెప్తే అబద్ధమా?"

ఆ చలికాలమంతా పత్రికల్లో చిప్‌ల కరువుకు కారణాలు చదివాను. ఫ్యాక్టరీలు, ఓడలు, వ్యాధి. నాలాంటి వాళ్ళు అయిదు కావలసిన చోట పన్నెండు అని, అదీ ముగ్గురికి చెప్పి క్యూలో మూడు చోట్ల నిలబడ్డారని ఎవరూ రాయలేదు. సునీతకు నాలుగు దొరక్కపోవడానికి కారణమైన వేలమందిలో నేనూ ఒకణ్ణి.

ప్రభాకర్ గారి కంప్యూటర్ మీద, సంవత్సరానికి యాభై వేలు అని రాశాను. ప్రాజెక్టు పేరు అడిగింది. ఎదురుగా ఉన్నదాన్ని చూసి ప్రభాకర్ గారే ఇడ్లీ అని కొట్టారు.

పదకొండు సెకన్లలో ఆమోదం వచ్చింది.

యాభై వేలు పెరిగి పెద్దవైన విధం

గురువారం ఉదయం చిప్‌లు వచ్చాయి. సునీత ముందు దూదితో రుద్దింది. దూది తెల్లగానే ఉంది. బిగించి ఎర్ర డబ్బాలోని పెట్టెను పెట్టింది. ఎర్ర లైటు వెలిగింది. ఫెయిల్ అని చూసి అంత సంతోషించిన మనిషిని నేను మరెక్కడా చూడలేదు. శుక్రవారం మీటింగులో టెస్టర్ నడుస్తోందని చెప్పారు. లైన్ సంగతి మూడు నెలల తరువాత మళ్ళీ చూద్దామన్నారు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. రెండు వారాల తరువాత, ఆ చిప్ కంపెనీ మేనేజర్లు ఇద్దరు డోనట్ల పెట్టెతో గ్రెగ్‌ను కలవడానికి వచ్చారు. ఇడ్లీ ప్రాజెక్టు గురించి మాట్లాడాలన్నారు. గ్రెగ్ ఆ పేరు వినడం అదే మొదటిసారి. అయినా ఒక్క ప్రశ్న వేయలేదు. యాభై వేలు అనే మాట విని, తనకు తెలియదని చెప్పిన మేనేజరు ఆ ఊళ్ళో లేడు. ఆ నెలాఖరున గ్రెగ్ పైవాళ్ళకు ఇచ్చిన ప్రెజెంటేషన్‌లో ఆరో స్లయిడ్ మీద ఇడ్లీ ఉంది. ఇంటిగ్రేటెడ్ డోర్ లిఫ్ట్ ఇంటర్‌ఫేస్ అని పూర్తి పేరు కూడా పెట్టారు. దానికి ప్రస్తుత టెస్టర్ అత్యవసరం కనుక, లైన్‌ను ఈ సంవత్సరం కదల్చరాదని సిఫారసు చేశారు. సిఫారసు ఆమోదం పొందింది.

ఆ వారమే ప్రభాకర్ గారు ఫోన్ చేశారు. వాళ్ళ ఆరుగురిలో ఒకాయన, పిల్లల బడికోసం చెవుల వినికిడి పరీక్షించే పాత యంత్రం బాగుచేస్తున్నాడట. అవే చిప్‌లు రెండు కావాలి. ఎక్కడా లేవు.

"ఫ్యాక్టరీ ఎవరికో పక్కన పెట్టేసిందంటున్నారండీ. మీ ఇడ్లీకేమో" అని నవ్వారు.

నేను నవ్వలేదు. చిప్ కంపెనీకి నిజం చెప్పాలని నిశ్చయించుకున్నాను. చెబితే వాళ్ళు గ్రెగ్‌ను అడుగుతారు, స్లయిడ్ పోతుంది, లైన్ పోతుంది. అందువల్ల ముందు సునీతకు చెప్పాను. నువ్వు వద్దంటే చెప్పను అన్నాను.

"నన్ను అడగకుండ చెప్పేది ఉండె అంకుల్" అన్నది ఆమె. "అడిగినంక వద్దని ఎట్ల అంట?"

"దరఖాస్తు ఎంతవరకు వచ్చిందమ్మా?"

"రాలేదు." లేచి నిలబడి, "చెప్పుండ్రి" అన్నది.

శాంపిల్స్ ఆమోదించిన అమ్మాయి పేరు మేగన్. నేను ఫోన్ చేసి నా పేరు చెప్పగానే, "ట్రాయ్ నుంచి మూడుసార్లు నాలుగు అని రాసినాయన మీరేనా?" అని అడిగింది.

నేనేనని, యాభై వేలూ నేనేనని, అది అబద్ధమని ఒప్పుకున్నాను.

"తెలుసు. నాలుగు అని రాస్తే మెషీనే తోసేస్తుంది, నేను ఏమీ చేయలేను. తోసేసినవాటి జాబితా మాత్రం వారానికోసారి చూస్తాను. మీ ఉత్తరం చదివాను. నవ్వాను, ఏమీ అనుకోకండి. తరువాత అదే చిరునామా నుంచి యాభై వేలు వచ్చింది. ఇప్పటికి బుద్ధి వచ్చిందనుకుని వెంటనే నొక్కేశాను."

"మరి మా కోసం చిప్‌లు పక్కన పెట్టారా?"

"డెట్రాయిట్ చుట్టుపక్కల ఎవరు ఏ అంకె చెప్పినా నేను మూడో వంతు చేసి రాస్తాను. మీది సున్నా అని రాశాను."

"మీ మేనేజర్లు డోనట్లు తెచ్చారు."

"వాళ్ళు నేను రాసింది చదవరు. మీరు రాసింది చదువుతారు."

ఎవరి చిప్‌లూ నా వల్ల ఆగలేదన్నమాట. ఊరట కలిగింది. జీవితంలో నేను ఫారంలో రాసిన ఏకైక అబద్ధాన్ని ఎవరూ నమ్మలేదని కొంత చిన్నతనమూ కలిగింది. బడి యంత్రం సంగతి చెప్పి, రెండు కావాలన్నాను.

"పంపుతాను. దయచేసి రెండు అని మాత్రం రాయకండి" అన్నది మేగన్.

అదే రోజు గ్రెగ్ గదికి వెళ్ళి, ఇడ్లీ అనే ప్రాజెక్టు లేదని చెప్పాను. ఆయన తలుపు వేశాడు.

"లేదంటే, ఇంకా మొదలుకాలేదనా?"

"ఎప్పటికీ ఉండదు. నాలుగు చిప్‌ల కోసం నేను రాశాను."

గ్రెగ్ కంప్యూటర్‌లో ఆరో స్లయిడ్ తెరిచాడు. నన్ను తీసివేస్తాడనే అనుకున్నాను. "పై క్వార్టర్‌కు జరుపుదాం" అన్నాడు.

మా రంగంలో ప్రాజెక్టులు చనిపోవు, మూడేసి నెలలు ముందుకు జరుగుతాయి. ఆయన సునీత కోసం అలా చేయలేదు. ఆమె వీసా సంగతి ఆయనకు తెలియదు. ఆరో స్లయిడ్ తీసివేస్తే అయిదు తరువాత ఏడు ఎందుకు వచ్చిందో ఎవరికైనా చెప్పవలసి వస్తుందని అలా చేశాడు. నిజం చెప్పడానికి నేను పడిన యాతనంతా అక్కడ ఎవరికీ పనికిరాలేదు. అబద్ధం మాత్రం తన పని తాను చేసుకుపోయింది. ఇందులో నీతి ఏమిటని పిల్లలు అడుగుతారు. నాకు తెలిసిన నీతి, ఆడిన అబద్ధాన్ని విప్పేముందు దాని మీద ఎవరు ఆధారపడ్డారో వాళ్ళను ముందుగా అడగడం. తక్కినదాన్ని గురించి నేను ఇంకా ఆలోచిస్తున్నాను.

ఆ తరువాత

ఇడ్లీ నాలుగు క్వార్టర్లు జరిగి, 2022 వసంతంలో స్లయిడ్ మీద కనిపించడం మానేసింది. ఎక్కడికి పోయిందని ఎవరూ అడగలేదు.

మేగన్‌తో మాట్లాడిన రోజు నుంచి, కొననని తెలిసిన అంకెను నేను ఏ అమ్మకందారుకూ ఇవ్వలేదు. అయిదు కావాలంటే అయిదు అని చెప్పాను. వాళ్ళు అలవాటు కొద్దీ దాన్ని మూడో వంతు చేశారు. ఆ సంవత్సరం మాకు మిగతావారికంటే తక్కువ చిప్‌లు వచ్చాయి. గ్రెగ్ దాన్ని నా వార్షిక సమీక్షలో లోపంగా నమోదు చేశాడు. ఆ నమోదు సరైనదే.

లైన్ 2022 శరదృతువులో మెక్సికో వెళ్ళింది. నేను ఆ డిసెంబరులో పదవీ విరమణ చేశాను. ఇప్పుడు ప్రభాకర్ గారి గుంపులో ఏడో సభ్యుణ్ణి.

సునీత మొదటి దరఖాస్తు 2021 అక్టోబరులోను, రెండోది ఆ మరుసటి జనవరిలోను ఆమోదం పొందాయి. ఇక ఉద్యోగం మారినా గ్రీన్ కార్డు క్యూలో ఆమె స్థానం పోదు. లైన్ కదలడానికి ముందే ఆమె వేరే రాష్ట్రంలోని ఆష్‌బర్న్‌లో, డేటా సెంటర్లకు కరెంటు పరికరాలు చేసే కంపెనీలో చేరింది. అక్కడ కూడా టెస్టింగే. అక్కడి కొనుగోళ్ళ విభాగంతో పోట్లాడుతోంది.